చెప్పుకోలేని జబ్బుకు ఎన్ని పరీక్షలు?

కడుపులో నొప్పి వస్తే ఇంట్లో చెబుతారు. పన్ను సలిపితే పక్కింటాయనకూ చెబుతారు. ఈ ఒక్క సమస్యను మాత్రం చాలామంది మగవాళ్లు మొదట చెప్పుకొనేది ఊరు కాని ఊళ్లో, మందుల దుకాణంలో నిలబడ్డ కుర్రాడికి! చిత్తూరాయన తిరుపతిలో బస్సు దిగి కొనుక్కుంటాడు. తిరుపతాయన వేలూరులో కొనుక్కుంటాడు. పుంగనూరాయన బెంగళూరు వెళ్లినప్పుడు చూద్దాంలే అని రోజులు నెట్టేస్తాడు. అంగస్తంభన లోపం... పేరు పలకడానికే నోరు రాని సమస్య.

అలా మాత్ర కొని మింగేసేవాళ్లు ఒక రకం. ఒక్క పరీక్ష కూడా చేయించరు. రెండో రకం వాళ్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎవరో చెప్పారని ఒక ల్యాబు, ఇంకెవరో చెప్పారని ఇంకో స్కానింగు సెంటరు తిరిగి, సంచి నిండా రిపోర్టులు పోగేస్తారు. వేలకు వేలు కరిగిపోతాయి. చివరికి డాక్టరు రాసేది మాత్రం మొదటాయన దుకాణంలో కొన్న మాత్రే!

మరి పరీక్షలు అవసరమా, అనవసరమా? రెండూ నిజమే. కొన్ని పరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి. కొన్నింటి జోలికి చాలామంది వెళ్లాల్సిన పనే లేదు. చిత్రమేమిటంటే తప్పనిసరి పరీక్షలన్నీ చౌక. ఖరీదైనవే చాలామందికి అక్కర్లేనివి.

ఒకసారి తప్పితే జబ్బు కాదు

ముందు అసలు సమస్య ఉందో లేదో తేల్చుకోవాలి. పగలంతా మామిడితోటలో కాయలు కోయించి వచ్చిన రోజో, అప్పులవాడు ఇంటికి వచ్చి అరిచి వెళ్లిన రోజో స్తంభన సరిగా కలగకపోతే అది జబ్బు కాదు. ఏ మగవాడికైనా అప్పుడప్పుడు జరిగేదే. కలయికకు సరిపడా గట్టిదనం రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం... ఇది కనీసం మూడు నెలలుగా తరచూ జరుగుతుంటేనే వైద్యులు దాన్ని లోపంగా లెక్కిస్తారు.

ఒకప్పుడు దీనికి నపుంసకత్వం అనే పేరుండేది. ఆ మాటే మనిషిని సగం చంపేసేది. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు 1992 డిసెంబరులో నిపుణుల సమావేశం పెట్టి, ఇంగ్లిషులోనూ అలాంటి అవమానకరమైన పాత పేరును పక్కనపెట్టి, ‘స్తంభన లోపం’ అనే అర్థం వచ్చే పేరు వాడాలని సూచించాయి. పేరు మారడం చిన్న సంగతేమీ కాదు. మగతనానికి సంబంధించిన మచ్చగా చూసినదాన్ని రక్తనాళాలు, నరాలు, హార్మోన్లు, మనసు... వీటిలో ఎక్కడో వచ్చిన తేడాగా చూడటం అప్పటినుంచే బలపడింది.

ఇది అరుదైనదేం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద జరిపిన అధ్యయనం 1994లో వెలువడింది. నూటికి 52 మందిలో ఎంతో కొంత స్తంభన లోపం కనిపించింది. పూర్తిగా లేకపోవడం నూటికి పదిమందిలోపే. మనకు దగ్గర్లో మైసూరు ప్రాంతపు పల్లెల్లో చేసిన సర్వే 2015లో వచ్చింది. అక్కడ దాదాపు నూటికి పదహారు మంది మగవాళ్లలో ఈ లోపం ఉన్నట్టు తేలింది. అంటే పదిమంది కూర్చున్న రచ్చబండ దగ్గర ఒకరిద్దరికి ఉండే సమస్య. ఎవరికి వారు ‘నాకొక్కడికే’ అనుకుంటారంతే.

గుండె ముందుగా పంపే కబురు

స్తంభన అంటే రక్తప్రసారం. మనసు స్పందించినప్పుడు నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. అది రక్తనాళాల గోడలను వదులు చేస్తుంది. రక్తం లోపలికి వేగంగా వచ్చి నిండుతుంది. శరీరంలో ఈ వాయువు చేసే పనిని కనిపెట్టినందుకే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు... ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి దక్కింది.

పురుషాంగానికి రక్తం తెచ్చే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. గుండెకు రక్తం ఇచ్చేవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. చెరువు కింద కాలువల్లో పూడిక చేరితే ముందు ఎండేది ఏది? చివరనున్న సన్న పిల్లకాలువ. ఇదీ అంతే. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, పొగ... వీటివల్ల నాళాలు దెబ్బతినడం మొదలైతే ఆ ప్రభావం ముందు కనిపించేది సన్న నాళాల్లోనే. గుండెకు ఆ సెగ తగలడానికి రెండు నుంచి అయిదేళ్లు పట్టవచ్చు.

ఇటలీ వైద్యులు 2003లో ప్రచురించిన పరిశోధన దీన్ని కళ్లకు కట్టింది. ఛాతీనొప్పితో వచ్చి, గుండె నాళాల్లో పూడికలున్నట్టు యాంజియోగ్రామ్‌లో తేలిన 300 మందిని వాళ్లు ప్రశ్నించారు. వారిలో దాదాపు సగం మందికి స్తంభన లోపం ఉంది. ఆ సగంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు... గుండెనొప్పి కన్నా ముందే, సగటున మూడేళ్లకు పైగా ముందే, ఆ లోపం మొదలైందని చెప్పారు. మూడేళ్లు! ఆ మూడేళ్లలో ఒక్కసారి డాక్టరుకు చెప్పి ఉంటే షుగరో బీపీయో బయటపడేది. గుండె దాకా రాకుండా ఆపడానికి అవకాశం ఉండేది.

కాబట్టి, నలభై దాటినవారికి పరీక్షలు అవసరమా అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇదే: పడకగది కోసం కాకపోయినా ప్రాణం కోసం చేయించుకోవాలి.

గడప దగ్గర బయటపడే మాట

అన్నింటికన్నా విలువైన పరీక్షకు పైసా ఖర్చులేదు. అది మాట్లాడటం. మన జిల్లాల్లో ఏ డాక్టరును అడిగినా ఈ తంతు తెలిసే ఉంటుంది. పేషెంటు వస్తాడు. ‘‘కాళ్లు గుంజుతా ఉండాయి సార్, నిద్ర సరిగా పట్టడం లేదు’’ అంటాడు. చీటీ రాయించుకుంటాడు. లేచి తలుపు దాకా వెళ్లి ఆగి, ‘‘ఇంగొగటి సార్...’’ అని గొంతు తగ్గిస్తాడు. అసలు జబ్బు ఆ గడప దగ్గరే బయటపడుతుంది. 

ఆ మాటేదో కుర్చీలో కూర్చున్నప్పుడే చెబితే డాక్టరు అడగాల్సినవి అడుగుతారు. సమస్య ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లమెల్లగా పెరిగిందా? తెల్లవారుజామున మామూలుగా స్తంభన కలుగుతోందా? కోరిక ఉందా, అదీ తగ్గిందా? బీడీ, సిగరెట్టు, మందు అలవాటు ఉందా? ఏయే మాత్రలు వాడుతున్నారు? కొన్ని రకాల బీపీ మాత్రలు, మానసిక కుంగుబాటుకు వాడే మందులు కూడా ఈ ఇబ్బంది తెచ్చిపెడతాయి. అలాగని సొంతంగా ఆపేయకూడదు. డాక్టరు వేరే మందుకు మారుస్తారు.

అయిదు ప్రశ్నల చీటీ ఒకటుంది. 1999 నుంచి ప్రపంచమంతా వాడుతోంది. గత ఆరు నెలల్లో ఎలా ఉందో అయిదు ప్రశ్నలకు జవాబులు గుర్తు పెట్టాలి. మొత్తం 25 మార్కులు. 22, ఆపైన వస్తే లోపం లేనట్టే. 21, అంతకన్నా తక్కువైతే ఉన్నట్టు. ఏడు, అంతకన్నా తక్కువైతే తీవ్రంగా ఉన్నట్టు. చికిత్స మొదలుపెట్టాక మళ్లీ అదే చీటీ నింపితే ఎంత మెరుగుపడిందో లెక్క తేలిపోతుంది. 

ఆ తర్వాత ఒంటిని చూడాలి. బీపీ, నడుము కొలత, కాళ్లలో నాడి, వృషణాల పరిమాణం, అంగంలో గట్టి గడ్డలేమైనా ఉన్నాయా... పది నిమిషాల పని. ఇది చేయకుండానే స్కానింగుకు రాసిచ్చేవాళ్ల దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

ఈ రక్తపరీక్షలు తప్పనిసరి

మొదటిది షుగరు. భారతీయ వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని అది తేల్చింది. షుగరు ఉన్న మగవాళ్లలో స్తంభన లోపం మిగతావారికన్నా మూడు రెట్లు ఎక్కువ. చాలామందికి షుగరు ఉన్నట్టు మొదట తెలిసేది ఈ సమస్యతోనే. పరగడుపు షుగరుతోపాటు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తే సరిపోతుంది. అది 6.5 శాతం, ఆపైన ఉంటే షుగరే. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. 

రెండోది కొలెస్ట్రాల్, ఇతర కొవ్వులు. మూడోది టెస్టోస్టిరాన్ హార్మోను. దీన్ని ఉదయం వేళ, పదకొండులోపే తీయించాలి. పొద్దెక్కేకొద్దీ ఆ హార్మోను తగ్గుతుంది కాబట్టి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చిన రక్తంతో లెక్క తప్పుతుంది. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తక్కువ వస్తే ఇంకో రోజు ఉదయం మళ్లీ చేయించాలి. రెండుసార్లూ తక్కువే ఉంటేనే తక్కువని నమ్మాలి. ఒక్క రిపోర్టు చూసి హార్మోను ఇంజెక్షన్లు మొదలుపెట్టడం మంచిది కాదు. బయటినుంచి ఇచ్చే టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని తగ్గించేస్తుంది. పిల్లలు కావాలనుకునే వాళ్లకు అది కొత్త కష్టం.

థైరాయిడ్, ప్రొలాక్టిన్, కిడ్నీ పరీక్షల్లాంటివి అందరికీ కాదు. కోరిక బాగా తగ్గినా, టెస్టోస్టిరాన్ తక్కువ వచ్చినా, ఇతర లక్షణాలున్నా డాక్టరు రాస్తారు.

వీటిలో బీపీ, షుగరు పరీక్షలకు డబ్బు కూడా పెట్టనక్కర్లేదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చూస్తారు.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. పలమనేరు దగ్గర పల్లెలో నలభై ఆరేళ్ల పాడిరైతు ఉన్నాడనుకుందాం. రెండు పూటలా సంగటి తింటాడు, ఒళ్లు వంచి పనిచేస్తాడు, ‘నాకెందుకు వస్తుంది షుగరు’ అనుకుంటాడు. ఏడాదిగా ఈ ఇబ్బంది ఉంది. భార్య వైపు తిరిగి పడుకోవడం కూడా మానేశాడు. ఆమె ‘ఈయనకు నా మీద మనసు విరిగిందేమో’ అని లోలోపల కుమిలిపోతోంది. ఇతను పదివేలు అప్పుచేసి స్కానింగుకు వెళ్లినా, రక్తప్రసారం తక్కువగా ఉందనే వస్తుంది. ఎందుకు తక్కువైందో ఆ స్కానింగు చెప్పదు. ఊళ్లో వేలికొన గుచ్చి చూసే చుక్క రక్తమే ఆ దారి చూపిస్తుంది. మందు వేయాల్సింది షుగరుకు. భార్యకు చెప్పాల్సింది కూడా ఆ సంగతే.

డాప్లర్ ఎవరికి?

ఇక ఖరీదైన పరీక్షల సంగతి. ఎక్కువగా వినిపించేది పెనైల్ డాప్లర్. అంగంలోకి మందును సన్న సూదితో ఎక్కించి, స్తంభన వచ్చాక అల్ట్రాసౌండుతో రక్తం వేగాన్ని కొలుస్తారు. లోపలికి వచ్చే రక్తం వేగం సెకనుకు 25 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ధమనుల్లో ఇబ్బంది ఉన్నట్టు. 35 దాటితే బాగున్నట్టు. వచ్చిన రక్తం నిలవకుండా వెనక్కి జారిపోతుంటే సిరల్లో లోపం ఉన్నట్టు.

వినడానికి పక్కాగా ఉంది. కానీ ఒక చిక్కుంది. తెలియని గది, చల్లటి ఏసీ, చేతిలో సూది పట్టుకున్న మనిషి... ఆ గాబరాలో ఎంత ఆరోగ్యవంతుడికైనా స్తంభన సరిగా రాకపోవచ్చు. భయంతో ఒంట్లో పుట్టే అడ్రినలిన్ నాళాలను బిగించేస్తుంది. దాంతో లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. ‘సిరల్లో లీకేజీ ఉంది’ అన్న ఒక్క ముక్క చదివి పాతికేళ్ల కుర్రాడు జీవితమే అయిపోయిందనుకుంటాడు. ఇంకో సంగతి... ఇంజెక్షను వల్ల వచ్చిన స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అరుదే అయినా ఆలస్యమైతే శాశ్వత నష్టం జరుగుతుంది.

నిద్రలో స్తంభనను కొలిచే పరీక్షదీ ఇలాంటి కథే. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి రాత్రిపూట నాలుగైదుసార్లు దానంతటదే స్తంభన కలుగుతుంది. అది ఉంటే శరీరం బాగున్నట్టు, సమస్య మనసులో ఉన్నట్టు అంచనా వేస్తారు. 1980లో అమెరికాలో పోస్టాఫీసు స్టాంపుల వరసను అంగం చుట్టూ అంటించి, పొద్దున చిరిగిందో లేదో చూసే చిట్కా పరీక్షను కూడా వైద్యపత్రికలో ప్రచురించారు! తర్వాత అందుకు యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు చాలామందికి తెల్లవారుజాము సంగతి అడిగితేనే తెలిసిపోతుంది.

అసలు ఈ పరీక్షలెందుకు పుట్టాయో తెలిస్తే ఎవరికి కావాలో అర్థమవుతుంది. 1970లు, 80లలో దీనికి నోటి మాత్ర లేదు. 1973లో అంగంలో అమర్చే పరికరం వచ్చింది. 1982లో పారిస్ వైద్యుడు రోనాల్డ్ విరాగ్ ఇంజెక్షను పద్ధతిని వెల్లడించాడు. కత్తో, సూదో తప్పనప్పుడు ఏ నాళంలో లోపముందో ముందు కచ్చితంగా తెలియాలి కదా! అందుకే 80లలో డాప్లర్ వచ్చింది. 1998 మార్చిలో సిల్డెనాఫిల్ మాత్రకు అమెరికా అనుమతి ఇవ్వడంతో లెక్క మారిపోయింది. కారణం నాళమైనా, మనసైనా, రెండూ కలిసినా చాలామందికి మొదటి మందు ఆ కోవ మాత్రే. ఫలితం ఏదైనా మందు ఒకటే అయినప్పుడు పరీక్ష దేనికి? అమెరికా యూరాలజీ సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే దారిలో ఉన్నాయి. మాటలు, ఒంటి పరీక్ష, అవసరమైన రక్తపరీక్షలు, ఉదయపు టెస్టోస్టిరాన్... ఇవి ముందు. ప్రత్యేక పరీక్షలు కొందరికే.

ఆ కొందరు ఎవరంటే:

* బైకు ప్రమాదంలో తుంటి ఎముక విరిగిన తర్వాతో, కాళ్ల మధ్య గట్టి దెబ్బ తగిలిన తర్వాతో సమస్య మొదలైన యువకులు.

* యవ్వనం వచ్చినప్పటి నుంచీ, ఏ వేళలోనూ స్తంభన సరిగా ఎరగనివాళ్లు.

* అంగం వంకర తిరిగినవాళ్లు, గడ్డలు చేతికి తగులుతున్నవాళ్లు.

* మాత్రలను సరైన మోతాదులో, సరైన తీరులో పలుసార్లు వాడినా ఫలితం లేక ఆపరేషను గురించి ఆలోచిస్తున్నవాళ్లు.

* కోర్టు కేసుల్లో నిర్ధారణ కావాల్సినవాళ్లు.

‘సరైన తీరులో’ అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కడుపు నిండా బిర్యానీ తిని సిల్డెనాఫిల్ వేసుకుంటే అది ఆలస్యంగా పనిచేస్తుంది. గంట ముందు వేసుకోవాలి. కోరిక, స్పందన లేకుండా మాత్ర ఒక్కటే ఏమీ చేయదు. మాత్ర పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామందికి వాడే పద్ధతి సరిచేస్తేనే పనిచేస్తుంది.

కొత్త పెళ్లికొడుకుల కష్టం

వయసును బట్టి కూడా దారి మారుతుంది. పెళ్లయిన నెలకే పరుగెత్తుకొచ్చే పాతికేళ్ల యువకుడికి ఎక్కువసార్లు గుండె జబ్బూ ఉండదు, షుగరూ ఉండదు. ఉండేది భయం. తలుపు బయట బంధువులు, లోపల పరిచయం లేని అమ్మాయి, తెల్లారితే ఎవరేమంటారోనన్న బెంగ. మొదటిరాత్రి తప్పుతుంది. రెండోరాత్రి ‘మళ్లీ తప్పుతుందేమో’ అన్న ఆలోచనే తప్పిస్తుంది. తెల్లవారుజామున స్తంభన మామూలుగా వస్తోందంటే అతని నరాలు, నాళాలు పనిచేస్తున్నట్టే. ఇలాంటివారికి కావాల్సింది డాక్టరుతో, వీలైతే మానసిక వైద్యుడితో నాలుగు మాటలు. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళితే ఇంకా మంచిది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వీర్యపరీక్ష చేయిస్తారు. వీర్యకణాల లెక్క సంతానానికి సంబంధించినది. స్తంభనకు దానితో పనిలేదు. కణాలు దండిగా ఉన్నవాడికీ స్తంభన లోపం ఉండొచ్చు. ఒక్క కణం లేనివాడికీ స్తంభన చక్కగా ఉండొచ్చు. ‘చిన్నప్పటి అలవాట్ల వల్ల ధాతువు పోయింది’ అనే మాట కూడా వట్టి భయమే.

సంగతి కోర్టు దాకా వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. హిందూ వివాహ చట్టం 12వ సెక్షను ప్రకారం, ఎదుటివారి అసమర్థత వల్ల కాపురం జరగకపోతే ఆ పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. వైవాహిక కేసుల్లో వైద్యపరీక్షకు ఆదేశించే అధికారం కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు 2003లో శారద, ధర్మపాల్‌ల కేసులో చెప్పింది. అయితే అలాంటి పరీక్షలకు సైతం హద్దులున్నాయి. అందుకే వైద్యులు ‘ఇతను సమర్థుడు’ అని కాకుండా, ‘ఇతను అసమర్థుడని చెప్పడానికి ఆధారమేమీ కనబడలేదు’ అని రాయడం ఆనవాయితీ. అంతకు మించి ఏ రిపోర్టూ చెప్పలేదు. పెళ్లికి ముందే మగతనం సర్టిఫికెట్టు తెమ్మనేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

పరీక్షలేవీ లేకుండా మాత్ర మింగితే?

సిల్డెనాఫిల్ మొదట గుండెనొప్పి కోసం పరిశీలించిన మందు. దానికి పెద్దగా పనికిరాలేదు గానీ ప్రయోగంలో పాల్గొన్న మగవాళ్లు చెప్పిన మరో ప్రభావమే దాని దశ తిప్పింది. గుండెతో దానికున్న ఈ చుట్టరికమే ప్రమాదానికీ కారణం. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు దీన్ని వేసుకుంటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణం పోవచ్చు. ఛాతీనొప్పితో ఆసుపత్రిలో చేరినప్పుడు, ఈ మాత్ర వేసుకున్న సంగతి సిగ్గుపడి దాచినా అంతే ప్రమాదం. సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, టడలాఫిల్ తర్వాత 48 గంటల పాటు నైట్రేట్లు ఇవ్వకూడదు. డాక్టరుకు తెలిస్తే కదా ఇవ్వకుండా ఉండేది!

గుండె తట్టుకుంటుందా అని డాక్టర్లు వేసుకునే అంచనా సులువైనదే. కలయికకు పట్టే శ్రమ రెండంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కినంత. ఈమధ్యే అలిపిరి మెట్లదారిలో ఛాతీనొప్పి, విపరీతమైన ఆయాసం లేకుండా కొండెక్కి దర్శనం చేసుకొచ్చినవారికి ఆ శ్రమ లెక్కలోది కాదు. నాలుగు మెట్లకే ఛాతీ పట్టేస్తుంటే మాత్రం ముందు గుండె డాక్టరు, తర్వాతే మాత్ర.

‘మాది మూలికల మందు, ఏ ప్రమాదమూ లేదు’ అనే మాటనూ నమ్మలేం. మూలికలని అమ్మే ఇలాంటి ఎన్నో మందుల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షల్లో మళ్లీమళ్లీ బయటపడింది. మూలిక అనుకుని గుండె రోగి వేసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బస్టాండు గోడల మీద, లాడ్జీ మెట్ల దగ్గర ‘గ్యారంటీ’ అంటూ కనిపించే ప్రకటనల సంగతి సరేసరి. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులను ప్రకటించడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారమే నేరం. ఆయుర్వేదం మీద నమ్మకం ఉన్నవాళ్లు తిరుపతిలో తితిదే నడిపే ఆయుర్వేద ఆసుపత్రి లాంటిచోట అర్హత ఉన్న వైద్యుణ్ని చూడవచ్చు. షుగరు, బీపీ పరీక్ష మాత్రం అప్పుడూ తప్పదు.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట వెళ్లాల్సింది పెద్దాసుపత్రికి కాదు. ఎప్పుడూ చూపించుకునే ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి, లేదా ఫిజీషియన్ దగ్గరికి. నూటికి ఎక్కువమంది సమస్య అక్కడే తీరుతుంది. ఆ పైన అవసరమైతే మన ప్రాంతానికి ఆసుపత్రుల కొరత లేదు. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా రుయా ఉంది. 1993లో మొదలైన స్విమ్స్‌లో యూరాలజీ, ఎండోక్రైనాలజీ, గుండె విభాగాలు మూడూ ఒకే ఆవరణలో ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ గంట ప్రయాణం.

ఎక్కడికి వెళ్లినా, ఏ పరీక్ష రాసినా, డాక్టరును మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: ‘‘ఈ పరీక్షలో ఏం తేలితే నా వైద్యం మారుతుందండీ?’’ మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. ‘షుగరు తేలితే షుగరుకు మందు ఇస్తాం’ అంటే వెంటనే చేయించుకోవచ్చు. ‘ఏం తేలినా మందు ఇదే’ అంటే ఆ డబ్బు మిగిలినట్టే.

మిగిలిన డబ్బుతో మంచి బూట్ల జత కొనుక్కున్నా నష్టం లేదు. ఇటలీలోనే 2004లో మరో అధ్యయనం వచ్చింది. స్తంభన లోపమున్న 55 మంది స్థూలకాయులకు తిండి తగ్గించుకోవడం, వ్యాయామం చేయడం నేర్పి రెండేళ్లు గమనించారు. వారిలో 17 మందికి సమస్య పోయింది. మామూలు సలహాలతో సరిపెట్టిన మరో 55 మందిలో ముగ్గురికే పోయింది. మాత్ర లేదు, సూది లేదు. నడక, నోటికి కాస్త కట్టడి. బీడీ, సిగరెట్టు మానేస్తే నాళాలకు ఇంకా మేలు.

ఇదంతా చదివాక చేయాల్సిన పని చిన్నదే. నలభై దాటి, మూడు నెలలుగా ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ వారంలోనే ఒక ఉదయం పరగడుపున వెళ్లి బీపీ, షుగరు చూపించుకోవాలి. ఆ కబురు ఇంట్లో ఇల్లాలికి ముందే చెప్పి వెళితే మరీ మంచిది. ఏడాదిగా తనలోనే ఏదో లోపముందని అనుకుంటున్న ఆమెకు, అది ఆయన రక్తనాళాల సంగతని తెలిస్తే సగం భారం దిగిపోతుంది. మిగతా సగం సంగతి డాక్టరు చూసుకుంటారు.